ట్రెడ్‌మిల్ మీద 58, సైకిల్ మీద 52... ఏది నిజం?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. శరీరం ప్రతి కిలో బరువుకు నిమిషానికి గరిష్ఠంగా ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే వీఓటూ మ్యాక్స్ పరీక్షను సైకిల్ మీద చేయించుకోవాలా, పరుగులోనా? రెండింట్లో అంకెలు ఎందుకు కలవవు? అందుకే మిగతా ప్రశ్నలను పక్కనపెట్టి ఈ సంచికను పూర్తిగా దీనికే ఇచ్చాం.

ప్రశ్న: నేను మారథాన్ రన్నర్‌ని. ట్రెడ్‌మిల్ పరీక్షలో నా వీఓటూ మ్యాక్స్ 58 వచ్చింది. పది రోజుల తర్వాత అదే ల్యాబ్‌లో సైకిల్ మీద చేస్తే 52 అన్నారు. ఇంత త్వరగా పడిపోతుందా? లేక మెషిన్ తప్పా?

జవాబు: మీ సామర్థ్యం పడిపోలేదు. మెషిన్‌ను అనుమానించాల్సిన అవసరమూ కనిపించడం లేదు. రెండంకెలూ నిజమే. 58 మీ పరుగుది, 52 మీ సైకిల్‌ది. తేడా సుమారు 10 శాతం. సైకిల్ తొక్కే అలవాటు పెద్దగా లేనివాళ్ళకు ట్రెడ్‌మిల్ కంటే సైకిల్ మీద 5 నుంచి 15 శాతం తక్కువ రావడం మామూలే. మీరు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నారు.

కారణం తెలియాలంటే ఈ అంకె దేనితో తయారవుతుందో చూడాలి. గుండె నిమిషానికి పంపే రక్తం ఒకటి, ఆ రక్తం నుంచి కండరాలు పీల్చుకునే ఆక్సిజన్ రెండు. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే ఆక్సిజన్ వాడకం. పరుగులో పిరుదులు, తొడల ముందు వెనక భాగాలు, పిక్కలు, నడుము, ఊగే చేతులు అన్నీ కలిసి ఆక్సిజన్ అడుగుతాయి. గుండె ఇవ్వగలిగినదంతా ఇచ్చేదాకా అడుగుతూనే ఉంటాయి. సైకిల్ మీద భారంలో పెద్ద వాటా తొడ ముందు కండరాలదే. పెడల్‌ను కిందికి నొక్కిన ప్రతిసారీ ఆ కండరం గట్టిగా బిగుసుకుని తనలోని రక్తనాళాలను తనే నొక్కేస్తుంది. దాంతో రక్తం సాఫీగా పారదు, కష్టపడే కండరాల్లో తయారయ్యే ల్యాక్టేట్ తొందరగా పేరుకుంటుంది. గుండెలో ఇంకా సత్తా మిగిలి ఉండగానే కాళ్ళు ఆగిపోతాయి.

పరీక్ష అయ్యాక సైకిల్ దిగుతూ మీరు ముందు చెప్పిన మాట గుర్తు తెచ్చుకోండి. 'ఊపిరి అందలేదు' అన్నారా, 'తొడలు మండిపోయాయి' అన్నారా? రెండోదే అయితే పై వివరణ మీకు వర్తిస్తుంది. మరో ఆనవాలు గుండె వేగం. సైకిల్ మీద గరిష్ఠ వేగం పరుగులో కంటే నిమిషానికి 5 నుంచి 10 తక్కువగా కనిపిస్తుంది. రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఏళ్ళ తరబడి సైకిల్ మీదే శిక్షణ పొందినవాళ్ళలో ఈ తేడా దాదాపు ఉండదు. కొందరికి సైకిల్ మీదే కాస్త ఎక్కువ వస్తుంది. వాళ్ళ తొడ కండరాల్లో సూక్ష్మ రక్తనాళాలు, ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరిగి ఉంటాయి. ఒక్కో తోపుకు ఎంత బలం పెట్టాలో శరీరానికి తెలిసిపోయి ఉంటుంది. ఈత, సైకిల్, పరుగు మూడూ చేసే ట్రయాథ్లెట్లలోనూ తేడా చాలా తక్కువ. మీరు పరిగెత్తే మనిషి కాబట్టి శిక్షణ ప్రణాళికకు 58నే తీసుకోండి.

ప్రశ్న: నేను సైక్లిస్టును, అస్సలు పరిగెత్తను. దగ్గర్లోని ల్యాబ్‌లో ట్రెడ్‌మిల్ మాత్రమే ఉంది. అక్కడ చేయించుకుంటే పనికొస్తుందా?

జవాబు: ఆరోగ్యం ఎలా ఉందో స్థూలంగా తెలుస్తుంది. శిక్షణకు మాత్రం పెద్దగా పనికిరాదు. మీకు కావలసింది ఏ వాట్ల దగ్గర ఎంత ఆక్సిజన్, ఎంత గుండె వేగం, ఎక్కడ థ్రెషోల్డ్ (ల్యాక్టేట్ వేగంగా పేరుకోవడం మొదలయ్యే స్థాయి) అన్నది. ట్రెడ్‌మిల్ రిపోర్టులో వాట్లే ఉండవు. పరుగు వేగం నుంచి పెడల్ వాట్లకు నమ్మదగిన మారకం లేదు. పైగా పరుగు అలవాటు లేని పిక్కలు ముందే చేతులెత్తేస్తే, ఆ అంకె కూడా మీ అసలు గరిష్ఠం కాదు. పరీక్ష తర్వాత మూడు నాలుగు రోజులు మెట్లు దిగలేని కాళ్ళనొప్పి అదనం. కొంచెం దూరమైనా సైకిల్ ఎర్గోమీటర్ (వాట్లు కొలిచే స్థిర సైకిల్) ఉన్నచోటికి వెళ్ళండి. మీ సైకిల్‌నే బిగించి పరీక్షించే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: స్పోర్ట్స్ ఫిజియాలజీ విద్యార్థిని. ఒకే అథ్లెట్‌కు రెండు పరీక్షలూ చేసి పోల్చాలి. పోలిక న్యాయంగా ఉండాలంటే ఏ క్రమంలో, ఏ లెక్కతో చేయాలి?

జవాబు: ముందు రెండు పరీక్షల మధ్య కనీసం 48 గంటల విరామం ఇవ్వండి. వారం దాటనివ్వకండి. రెండూ రోజులో ఒకే సమయానికి జరగాలి. ముందు రోజు కఠిన శిక్షణ వద్దు, భోజనానికీ పరీక్షకీ మధ్య మూడు గంటలుండాలి, కాఫీ విషయంలో రెండుసార్లూ ఒకే నియమం పాటించాలి. పదిమందిని పరీక్షిస్తుంటే సగం మందికి ట్రెడ్‌మిల్ ముందు, సగం మందికి సైకిల్ ముందు పెట్టండి. అందరికీ ఒకే వరస పెడితే మాస్క్‌కూ శ్రమకూ అలవాటుపడటం వల్ల రెండో పరీక్షకు కలిసొస్తుంది. ఆ లాభం మీకు సైకిల్ ప్రభావంలాగో పరుగు ప్రభావంలాగో కనిపిస్తుంది.

గది 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలి. రెండు పరీక్షలకూ ఫ్యాన్ ఒకే దూరంలో, ఒకే వేగంలో పెట్టండి. సైకిల్ విషయంలో ఇది మరీ ముఖ్యం. రోడ్డు మీద తగిలే గాలి గదిలో ఉండదు. ఒళ్ళు వేడెక్కితే రక్తం కొంత చర్మానికి మళ్ళి, అదే పనికి గుండె వేగం పెరుగుతూ పోతుంది.

అసలు పరీక్ష 8 నుంచి 12 నిమిషాల్లో ముగిసేలా భారం పెంచాలి. మరీ చిన్నదైతే ఆక్సిజన్ వాడకం పైకి చేరేలోపే కాళ్ళు అలిసిపోతాయి. మరీ పొడవైతే వేడి, విసుగు, నీరు తగ్గడం అడ్డొస్తాయి. చాలామంది ఇక్కడే ఒకే ప్రోటోకాల్‌ను (భారం పెంచే పద్ధతిని) అందరికీ వాడి చెడగొడతారు. అథ్లెట్‌ను బట్టి ముందే లెక్క వేసుకోండి.

సైకిల్‌కు ఉజ్జాయింపు సూత్రం ఇది: వాట్లను 10.8తో గుణించి, కిలోల బరువుతో భాగించి, 7 కలపాలి. 70 కిలోల మనిషి 58 దగ్గరికి వెళ్తాడనుకుంటే, 58లోంచి 7 తీసేసి 70తో గుణించి 10.8తో భాగించండి. సుమారు 330 వాట్లు. 10 నిమిషాలు వామప్ అయ్యాక 130 వాట్ల దగ్గర మొదలుపెట్టి నిమిషానికి 20 చొప్పున పెంచితే పది నిమిషాలకు అక్కడికి చేరతాడు. ఇలా భారం పెంచుతూ పోయే ర్యాంప్ పరీక్షలో ఆఖరి వాట్లు ఈ లెక్క కంటే ఎక్కువే వస్తాయి. ఆక్సిజన్ వాడకం భారం వెనకాల కొంత ఆలస్యంగా నడుస్తుంది, చివరి భాగాన్ని శరీరం ఆక్సిజన్ లేని దారిలో పూరిస్తుంది. కాబట్టి ఆఖరి వాట్ల నుంచి వెనక్కి లెక్కకట్టి వీఓటూ మ్యాక్స్ అని రాయకండి. గ్యాస్ కొలతే రాయండి. తేలికైన అథ్లెట్‌కు, గరిష్ఠం 220 వాట్ల దగ్గర అనిపిస్తే, 70 దగ్గర మొదలుపెట్టి నిమిషానికి 15 పెంచితే సరిపోతుంది.

ట్రెడ్‌మిల్‌కు సూత్రం వేరు. నిమిషానికి మీటర్లలో వేగాన్ని 0.2తో గుణించండి. అదే వేగాన్ని 0.9తోనూ, వాలుతోనూ (1 శాతం అంటే 0.01) గుణించి దానికి కలపండి. ఆపైన 3.5 కలపండి. గంటకు 12 కిలోమీటర్లంటే నిమిషానికి 200 మీటర్లు. చదునుగా 43.5, ఆపైన ప్రతి 1 శాతం వాలుకు 1.8. వేగం 12 దగ్గరే ఉంచి, 1 శాతంతో మొదలుపెట్టి నిమిషానికి 1 శాతం పెంచితే 58 దగ్గరున్న రన్నర్ 8 శాతం వాలు దగ్గర ఆగిపోవాలి. 48 దగ్గరున్నవాళ్ళకు గంటకు 10 కిలోమీటర్లు పెట్టండి. అక్కడ చదునుగా 36.8, ప్రతి శాతానికి 1.5. వాలు పెంచకుండా వేగమే పెంచుతూ పోతే కొందరు ఊపిరి కోసం కాక, కాళ్ళ చురుకు చాలక ఆగిపోతారు. అందుకే గరిష్ఠం తీయడానికి వాలు పద్ధతినే మేం ఇష్టపడతాం. గుండె జబ్బుల విభాగాల్లో వాడే బ్రూస్ ప్రోటోకాల్ 10 శాతం వాలుతో, గంటకు 2.7 కిలోమీటర్ల నడకతో మొదలై మూడు నిమిషాలకోసారి పెద్ద పెద్ద అంగల్లో పెరుగుతుంది. శిక్షణ పొందిన రన్నర్‌కు అది సరిపడదు.

ఇక పెడల్ వేగం. 300 వాట్లను నిమిషానికి 60 చుట్లతో తొక్కితే పెడల్ కడ్డీ (క్రాంక్) మీద టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 48 న్యూటన్ మీటర్లు. 90 చుట్లతో తొక్కితే 32. వాట్లు అవే, ఒక్కో తోపు బరువు మాత్రం మూడో వంతు తగ్గింది. తొడ కండరం తొందరగా చచ్చుబడకూడదంటే అలవాటున్న సైక్లిస్టును 85 నుంచి 95 మధ్య, లేనివాళ్ళను 70 నుంచి 80 మధ్య తొక్కనివ్వండి. కరెంటు బ్రేకు ఎర్గోమీటర్లలో వాట్లు స్థిరంగా ఉంచే పద్ధతి ఉంటుంది. అందులో చుట్లు తగ్గితే మెషిన్ టార్క్ పెంచుతుంది. దాంతో చుట్లు ఇంకా తగ్గుతాయి, బరువు ఇంకా పెరుగుతుంది. 300 వాట్ల దగ్గర 50కి పడిపోతే టార్క్ 57 దాటుతుంది. అందుకే ఎంచుకున్న వేగం కంటే 10 చుట్లు తగ్గి, ఐదారు సెకన్లలో పుంజుకోకపోతే పరీక్ష ఆపేయండి. లేచి నిలబడి తొక్కనివ్వాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి. నిలబడితే చేతులూ నడుమూ పనిలోకి వస్తాయి, అంకె మారుతుంది.

సీటు ఎత్తు మరిచిపోకండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలి. సీటు కిందికి ఉంటే తొడ ముందు కండరం మరింత తొందరగా అలిసిపోతుంది, మీరు కొలిచే తేడా లేనిపోనిదిగా పెరుగుతుంది.

ప్రశ్న: ఇది నిజంగా గరిష్ఠమేనని ఎలా తెలుస్తుంది? కొందరు 'ఇంకా చేయగలిగేవాణ్ణి' అంటారు.

జవాబు: భారం పెంచినా ఆక్సిజన్ వాడకం పెరగకుండా చదునైతే అదే అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. శరీరధర్మ శాస్త్రవేత్తలు ఆర్చిబాల్డ్ హిల్, ల్యూప్టన్‌లు 1923లో ప్రతిపాదించిన భావన ఇదే. ఆచరణలో రెండు వరుస దశల మధ్య పెరుగుదల నిమిషానికి 150 మిల్లీలీటర్లకు మించకపోతే చదునైనట్టు లెక్కిస్తారు. అయితే మీ దశలే అంతకంటే చిన్నవైతే ఈ కొలత అర్థం లేనిది. 10 వాట్లు పెంచితే మామూలుగానే 100 మిల్లీలీటర్లే పెరుగుతుంది, అది చదును కాదు.

చాలామందిలో ఈ చదును కనిపించదు. అప్పుడు పక్క ఆనవాళ్ళు చూస్తారు: వదిలే కార్బన్ డయాక్సైడ్‌కూ తీసుకునే ఆక్సిజన్‌కూ నిష్పత్తి 1.10 దాటడం, రక్తంలో ల్యాక్టేట్ లీటరుకు 8 మిల్లీమోల్స్ దాటడం, గుండె వేగం అంచనా గరిష్ఠానికి 10 లోపు చేరడం. చివరిది అన్నిటికంటే బలహీనం. 220లోంచి వయసు తీసేసే సూత్రం ఒక్కో మనిషి విషయంలో పది పన్నెండు అటూఇటూ తప్పుతుంది. ట్రెడ్‌మిల్ మీద వచ్చిన గరిష్ఠ గుండె వేగాన్ని సైకిల్ పరీక్షకు కొలబద్దగా పెడితే ఇంకా అన్యాయం. సైకిల్ మీద ప్రాణం పెట్టి తొక్కినవాణ్ణి కూడా 'పూర్తిగా శ్రమించలేదు' అని రాసేస్తారు.

మా సలహా నిర్ధారణ దశ. పరీక్ష అయ్యాక 10 నిమిషాలు చాలా తేలిగ్గా తొక్కించి, ఆఖరి వాట్లకు 105 శాతం భారాన్ని నేరుగా పెట్టి ఆగిపోయేదాకా తొక్కమనండి. రెండు మూడు నిమిషాలు వస్తుంది. ఈసారి గరిష్ఠం మొదటిదానికి 3 శాతం లోపే ఉంటే అంకె ఖాయం. అంతకంటే ఎక్కువొస్తే మొదటి పరీక్షలో అథ్లెట్ ముందే ఆగాడన్నమాట. అలవాటు లేనివాళ్ళ సైకిల్ పరీక్షకు ఇది తప్పనిసరి అనే అంటాం.

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఒక అమ్మాయికి ఎప్పుడూ 55 దగ్గర వచ్చేది, మొన్న 63 వచ్చింది. ఇంకొకరికి 60 నుంచి 51కి పడింది. ఎక్కడ వెతకాలి?

జవాబు: 63 వచ్చిన చోట ముందు సగటు తీసిన పద్ధతి చూడండి. ప్రతి శ్వాసనూ విడివిడిగా కొలిచే మెషిన్లలో ఒక్కో శ్వాస అంకె బాగా ఎగిరిపడుతుంది. ఒక దగ్గు, ఒక మింగుడు చాలు. అన్నిటికంటే ఎత్తైన ఒక్క శ్వాసను గరిష్ఠంగా రాస్తే కచ్చితంగా ఎక్కువ చూపిస్తుంది. 30 సెకన్ల సగటు తీసుకోండి, అన్ని పరీక్షలకూ అదే వాడండి. ఒకసారి 10 సెకన్లు, ఒకసారి 30 అయితే ఆ రెండింటినీ పోల్చడానికి లేదు. బరువు సరిగా కొట్టారో లేదో కూడా చూడండి. 57కి బదులు 50 అని పడితే 55 కాస్తా 63 అవుతుంది.

తగ్గినచోట మొదటి అనుమానం మాస్క్ మీద. ముక్కు పక్కన, గడ్డం కింద సందు ఉంటే గాలి సెన్సర్‌ను తాకకుండా పోతుంది. పరీక్షకు ముందు గాలి బయటికొచ్చే దారిని అరచేత్తో మూసి గట్టిగా ఊదమనండి. చెంపల పక్కన ఎక్కడ గాలి తగిలినా బిగింపు మార్చాలి, లేదా వేరే సైజు పెట్టాలి. గుబురు గడ్డం ఉన్నవాళ్ళకు ఇది పెద్ద సమస్య. సైకిల్ మీద ముందుకు వంగినప్పుడు చెమటకు మాస్క్ జారుతుంది, అందుకే తొక్కే భంగిమలోనే పరీక్షించి చూడాలి. పరుగులో సెన్సర్ బరువు ఎగిరెగిరి మాస్క్‌ను కిందికి లాగుతుంది, గొట్టాలను పైనుంచి వేలాడదీసి ఆ బరువు తగ్గించండి.

తర్వాత క్యాలిబ్రేషన్, అంటే తెలిసిన విలువలతో మెషిన్‌ను సరిచూడటం. గది గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం చూపాలి, కార్బన్ డయాక్సైడ్ దాదాపు 0.04. ఆపైన సిలిండర్ గ్యాస్‌తో రెండో బిందువు సరిచూడాలి. సాధారణంగా అందులో ఆక్సిజన్ 16, కార్బన్ డయాక్సైడ్ 4 లేదా 5 శాతం ఉంటుంది. సిలిండర్ మీద రాసిన అసలు విలువనే కంప్యూటర్‌లో పెట్టారా, పాత సిలిండర్ విలువే ఉండిపోయిందా చూసుకోండి. గాలి పరిమాణానికి 3 లీటర్ల సిరంజిని నెమ్మదిగా కొన్నిసార్లు, వేగంగా కొన్నిసార్లు తోయండి. అన్ని వేగాల్లోనూ 3 శాతం లోపు తేడా రావాలి. నెమ్మదిగా తోసినప్పుడు మాత్రమే సరిపోయే సెన్సర్, గరిష్ఠ శ్రమలో తప్పు చెబుతుంది.

చిన్న తప్పు ఎంత పెద్దదవుతుందో ఒక లెక్క. గరిష్ఠ శ్రమలో వదిలే గాలిలో ఆక్సిజన్ 17 శాతం దగ్గర ఉంటుంది. పీల్చినదానికీ వదిలినదానికీ తేడా 4 శాతమే. ఆక్సిజన్ సెన్సర్ 0.1 శాతం తప్పు చదివితే తుది అంకెలో సుమారు 3 శాతం తప్పు వస్తుంది. 58 ఉన్నవాళ్ళకు అది దాదాపు 2. గ్యాస్ నమూనా లాగే సన్నని గొట్టంలోకి ఉమ్మి, చెమట చేరితే కూడా ఇలాగే జరుగుతుంది. గ్యాస్ కొలత ఆలస్యమై, ఒక శ్వాస గాలిని ఇంకో శ్వాస గ్యాస్‌తో జోడిస్తుంది. ఆ గొట్టాన్ని మార్చి చూడండి.

మెషిన్ బాగానే ఉందని తేలితే అప్పుడు మనిషిని చూడాలి: ఇటీవలి జ్వరం, నిద్రలేమి, రక్తహీనత. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. రక్తంలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 14 గ్రాముల నుంచి 12కి తగ్గితే మోసే శక్తిలో ఏడో వంతు పోయినట్టే. ముఖ్యంగా ఓర్పు క్రీడల్లో ఉన్న మహిళలు అకారణంగా తగ్గుదల కనిపిస్తే రక్తపరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: ట్రెడ్‌మిల్ కడ్డీ పట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. పట్టుకుంటే శరీర బరువులో కొంత చేతుల మీదికి పోతుంది, అదే వేగానికి తక్కువ ఆక్సిజన్ చాలు. గ్యాస్ కొలవకుండా, పరీక్షలో ఎంతసేపు కొనసాగారన్నదాన్ని బట్టి లెక్కకట్టే చోట ఇది వీఓటూ మ్యాక్స్‌ను బాగా పెంచి చూపిస్తుంది. పడిపోతామనే భయం ఉంటే పైనుంచి బిగించే బెల్టు వాడాలి.

ప్రశ్న: మా కాలేజీలో పాత బెల్టు బ్రేకు సైకిల్ ఉంది. గ్యాస్ మెషిన్ లేదు. దానితో ఏమైనా చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. ఒక చుట్టుకు చక్రం అంచు 6 మీటర్లు తిరిగే రకమైతే, బెల్టు మీద పెట్టిన భారాన్ని (కిలోల్లో) 6తోనూ, నిమిషానికి చుట్లతోనూ గుణించండి. 2 కిలోలు, 50 చుట్లయితే 600. దాన్ని 6.12తో భాగిస్తే 98 వాట్లు. ఇలాంటి సైకిల్ మీద చుట్లు మారితే వాట్లూ మారిపోతాయి కాబట్టి మెట్రోనోమ్ పెట్టుకోండి. తొక్కేకొద్దీ బెల్టు వేడెక్కి ఆ భారం మారుతుంది, నిమిషానికోసారి సరిచేయండి. ఆస్ట్రాండ్, రిమింగ్‌లు 1954లో ఇచ్చిన పద్ధతిలో ఒకే భారంతో 6 నిమిషాలు తొక్కి, చివర్లో గుండె వేగం 125–170 మధ్య నిలబడితే పట్టిక నుంచి వీఓటూ మ్యాక్స్ అంచనా వేస్తారు. 10 నుంచి 15 శాతం తప్పు రావచ్చు. ఇద్దరిని పోల్చడానికి వాడకండి. అదే మనిషిని మళ్ళీ మళ్ళీ చూడటానికి వాడండి.

ప్రశ్న: ల్యాబ్‌కు వెళ్ళలేను. నా వాచీ పరుగుకు 54, సైక్లింగ్‌కు 57 చూపిస్తోంది. నేను రన్నర్‌ని. ఇది తలకిందులు కాదా?

జవాబు: తలకిందులే, కారణం బహుశా గుండె వేగం సెట్టింగ్. వాచీ ఆక్సిజన్ కొలవదు. ఈ వేగానికి, ఈ వాట్లకు గుండె ఎంత కొట్టుకుంటోందో చూసి, గరిష్ఠ గుండె వేగం దాకా గీత పొడిగిస్తుంది. మీ పరుగు గరిష్ఠం 190 అని పెట్టుకున్నారనుకోండి. సైకిల్ మీద అసలు గరిష్ఠం 182. 164 దగ్గర తొక్కుతుంటే నిజానికి మీరు 90 శాతంలో ఉన్నారు, వాచీ మాత్రం 86 అనుకుని ఇంకా చాలా మిగిలి ఉందని లెక్కేస్తుంది. సైక్లింగ్‌కు వేరే గరిష్ఠం పెట్టే వీలుంటే పెట్టండి. మణికట్టు సెన్సర్ బదులు ఛాతీ పట్టీ వాడండి. పరుగులో మణికట్టు సెన్సర్ ఒక్కోసారి గుండెను వదిలేసి అడుగుల లయను పట్టుకుంటుంది, సైకిల్ మీద హ్యాండిల్ అదురుకు తడబడుతుంది. సైకిల్‌కు పవర్ మీటర్ లేకుండా వచ్చే అంచనాను పట్టించుకోవద్దు.

వాచీ కంటే నమ్మదగినవి రెండు మైదానం పరీక్షలు. ఒకటి 1968లో కెన్నెత్ కూపర్ ప్రచురించిన 12 నిమిషాల పరుగు. వచ్చిన మీటర్లలోంచి 504.9 తీసేసి 44.73తో భాగించండి. 400 మీటర్ల ట్రాక్‌పై 7 చుట్లంటే 2800 మీటర్లు, అంటే 51.3. మొదటి రెండు చుట్లు ఉత్సాహంగా పరిగెత్తి తర్వాత చతికిలబడటమే ఇందులో మామూలుగా జరిగే పొరపాటు. సైకిల్‌కు 5 నిమిషాలు మీ శక్తికొద్దీ తొక్కి, ఆ సగటు వాట్లను పైన చెప్పిన 10.8 సూత్రంలో వేయండి. 70 కిలోలు, 300 వాట్లయితే 53.3. స్ప్రింట్ బలం ఎక్కువున్నవాళ్ళకు ఇది కొంత పెంచి చూపిస్తుంది.

ప్రశ్న: నాకు 85 కిలోలు, వీఓటూ మ్యాక్స్ 53. నా స్నేహితుడికి 60 కిలోలు, 58. చదును రోడ్డు మీద సైకిల్ రేసులో నేనే గెలుస్తున్నాను. ఎలా?

జవాబు: కిలోతో భాగించకముందు చూడండి. మీది నిమిషానికి 4.5 లీటర్లు, ఆయనది 3.5. చదును రోడ్డు మీద సైకిల్ బరువును మోస్తుంది, ప్రధాన శత్రువు గాలి. మీకు తగిలే గాలి ఆయన కంటే ఎక్కువే, కానీ 25 కిలోల తేడాకు తగ్గ స్థాయిలో కాదు. కాబట్టి మొత్తం లీటర్లు గెలుస్తాయి. ఘాట్ రోడ్డు ఎక్కితే, లేదా ఇద్దరూ పరిగెత్తితే, ప్రతి కిలోనూ మోయాలి, అక్కడ ఆయన ముందుంటారు. సైకిల్ రిపోర్టులో మొత్తం లీటర్లు, కిలోకు మిల్లీలీటర్లు అనే రెండు రూపాలూ ఉండేలా అడగండి.

ఈ ఒక్క అంకెతో రేసు ఫలితం తేలదన్నది పరుగులోనూ నిజమే. 1972 మ్యూనిచ్ ఒలింపిక్స్ మారథాన్ విజేత ఫ్రాంక్ షార్టర్‌కు సుమారు 71, మరో అమెరికా రన్నర్ స్టీవ్ ప్రీఫాంటెయిన్‌కు 84.4 నమోదయ్యాయి. 3 మైళ్ళ పరుగులో ఇద్దరి ఉత్తమ సమయాలు మాత్రం దాదాపు సమానం. ఒకే వేగానికి తక్కువ ఆక్సిజన్ ఖర్చు చేయడం, గరిష్ఠంలో ఎక్కువ శాతాన్ని ఎక్కువసేపు నిలబెట్టడం కూడా అంతే విలువైనవి.

ప్రశ్న: ట్రయాథ్లాన్ మొదలుపెట్టాను. పరుగు పరీక్షలో వచ్చిన గుండె వేగం జోన్లనే (శ్రమ స్థాయిని బట్టి విడగొట్టిన హద్దులు) సైకిల్‌కూ వాడొచ్చా? ఎన్నాళ్ళకోసారి పరీక్షించుకోవాలి?

జవాబు: వాడకండి. గరిష్ఠమే కాదు, థ్రెషోల్డ్ కూడా ఆటను బట్టి మారుతుంది. పరుగు నుంచి వచ్చినవాళ్ళకు సైకిల్ మీద ల్యాక్టేట్ ముందే పెరగడం మొదలవుతుంది, గరిష్ఠంలో తక్కువ శాతం దగ్గరే. పరుగు జోన్ల ప్రకారం 'తేలిక' అని తొక్కింది మీ తొడలకు మధ్యస్థ శ్రమ అవుతుంది, దాని మీద పరుగు శిక్షణ కూడా పెడితే కాళ్ళు కోలుకోవు. విడిగా సైకిల్ పరీక్ష చేయించుకునేదాకా పరుగు జోన్ల గుండె వేగంలోంచి నిమిషానికి 5 నుంచి 8 తగ్గించి తాత్కాలికంగా నడిపించండి. ఈతకు వీటిలో ఏదీ సరిపోదు. నీళ్ళలో పడుకుని ఉంటాం కాబట్టి గుండె వేగం ఇంకా తక్కువ ఉంటుంది, అక్కడ 100 మీటర్ల సమయాన్నే కొలతగా పెట్టుకోండి.

పరీక్షలు 8 నుంచి 12 వారాలకోసారి చాలు. ఒకే మనిషికి, ఏ మార్పూ లేకపోయినా, ఒకరోజుకూ ఇంకోరోజుకూ 2 నుంచి 5 శాతం తేడా వస్తుంది. 56 నుంచి 57కి పెరిగితే అది పెరుగుదల కాకపోవచ్చు. మొదటి ఏడాది మీకు ఆసక్తికరంగా ఉండేది రెండంకెల మధ్య దూరం. సైకిల్ శిక్షణ సాగేకొద్దీ పరుగు అంకె దాదాపు అక్కడే ఉండి సైకిల్ అంకె దాని వైపు జరుగుతూ వస్తుంది. అలా జరగకపోతే సైకిల్ మీద గంటలు సరిపోవడం లేదనో, ఎప్పుడూ పెద్ద గేర్‌లో తక్కువ చుట్లతో తొక్కుతున్నారనో అనుమానించండి. జ్వరం వచ్చి తగ్గినవాళ్ళు పూర్తిగా కోలుకునేదాకా గరిష్ఠ పరీక్షకు వెళ్ళకూడదు. ఛాతీ నొప్పి, శ్రమలో కళ్ళు తిరగడం, కుటుంబంలో చిన్న వయసు గుండె మరణాలు ఉంటే ముందు డాక్టర్‌ను కలిసి, ఈసీజీ పర్యవేక్షణ ఉన్నచోటే చేయించుకోండి.